లెక్క చూసి తీసుకో, లెక్క చూసి అప్పగించు

(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి ఉద్యోగులకు, వాళ్ళ కుటుంబ సభ్యులకు, ముందు వరసలో కూర్చుని నా మాటలు ఎప్పుడు అయిపోతాయా, టిఫిన్ పొట్లాలు ఎప్పుడు ఇస్తారా అని చూస్తున్న పిల్లలకు కూడా నమస్కారం.

‘మేడమ్, లోన్ల గురించి మేం రోజూ వింటూనే ఉన్నాం. ఈసారి ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి’ అన్నారు నిర్వాహకులు. ఇక్కడ మనవాళ్ళ పిల్లలు చాలామంది డిగ్రీ పూర్తి చేసి పై చదువులకు వెళ్ళబోతున్నారని తెలిసింది. అందులో ఎక్కువమంది చూపు విశాఖపట్నం మీదే ఉంది. మన తాతల ఊళ్ళు దగ్గర, చుట్టాలు ఉంటారు, సాయంత్రం ఖరగ్‌పూర్‌లో రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగొచ్చు. అందుకని, ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్కన మా అమ్మాయి కోసం ఇల్లు అద్దెకు తీసుకున్న సంగతి చెబుదామనుకున్నాను. అందులో నేను తెలివిగా చేసిందేమీ లేదు. తప్పు చేశాను కాబట్టే చెబుతున్నాను.

విశాఖపట్నం వెళ్ళేముందు ఒక్కసారి ఇక్కడే, ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే ఆగాలి. ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఒక రైల్వే క్వార్టర్‌లో నేను పెరిగాను. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయన ఇదిగో, ఆ ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళ పిల్లలం, మనవలం మనం. ఈ వీధుల్లో మాతా పూజలు చేసుకున్నాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం, పురుళ్ళు పోసుకున్నాం. కానీ ఆ ఇళ్ళలో ఒక్క ఇటుక కూడా మనది కాదు. ఉద్యోగం ఉన్నంతవరకే ఇల్లు. మన ఇల్లు కాని ఇంట్లో బతకడం మనకు తరతరాల అలవాటు.

2003లో మా నాన్న రిటైరయ్యారు. క్వార్టర్ అప్పగించాలి. అప్పగిస్తే తప్ప గ్రాట్యుటీ చేతికి రాదని రైల్వే కుటుంబాలకు నేను చెప్పక్కర్లేదు. సామానంతా మలంచలో అద్దెకు తీసుకున్న ఇంటికి చేర్చేశాం. ఖాళీ ఇంటిని చూడటానికి ఐ.ఓ.డబ్ల్యూ. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. తలుపులు, గొళ్ళేలు, కుళాయిలు, స్విచ్చులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, వెనక తలుపు దగ్గర ఆగి ‘కింది గొళ్ళెం లేదే?’ అన్నారు.

మా నాన్న ఏమీ మాట్లాడలేదు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతలు చిరిగిపోతున్న కార్బన్ కాపీ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టారు. 1981లో క్వార్టర్ తీసుకున్నరోజు రాయించుకున్న కాగితం. అందులో ‘వెనక తలుపు కింది గొళ్ళెం లేదు’ అని ఉంది, కింద ఇద్దరి సంతకాలు ఉన్నాయి. వచ్చినాయన నవ్వేసి, టిక్కు పెట్టి వెళ్ళిపోయారు. ఇరవై రెండేళ్ళు ఉన్న ఇంటికి మా నాన్న ఒక్క మేకు ఖరీదు కూడా బాకీ పడలేదు. ఆయన నాకు నేర్పింది ఒకటే మాట: ‘లెక్క చూసి తీసుకో, లెక్క చూసి అప్పగించు.’

ఈ మాట విని పెరిగిన నేను బ్యాంకులో చేరాను. రోజుకి పదిసార్లు కస్టమర్లతో ‘చదివి సంతకం పెట్టండి’ అంటాను. అలాంటి నేను విశాఖపట్నంలో ఏం చేశానో వినండి.

మా అమ్మాయికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. వాతావరణం, సముద్రం గురించి చదివే శాఖ. ఆ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండమీదికి మారింది. మా నాన్న తరంవాళ్ళకు విశాఖపట్నం స్టేషను ఇప్పటికీ వాల్తేరే. ‘వాల్తేరులో చదువా!’ అని ఆయన మురిసిపోయారు. తానూ వస్తానన్నారు. హాస్టల్లో అప్పటికి చోటు దొరకలేదు. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఇల్లు తీసుకోవాలని నిర్ణయమైంది.

నాలుగు రోజులు తిరిగాం. ఔట్ గేటు, శివాజీపాలెం, మద్దిలపాలెం, పెదవాల్తేరు, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ. తిరిగితే ఒక సంగతి తెలుస్తుంది. యూనివర్సిటీ నుంచి సముద్రం వైపు దిగేకొద్దీ అద్దె పెరుగుతుంది, మద్దిలపాలెం వైపు హైవే దగ్గరికి వచ్చేకొద్దీ కొంచెం తగ్గుతుంది. బాల్కనీలోంచి నీలం గీతంత సముద్రం కనిపించినా దానికి వేరే ధర. ఆడపిల్లలు ముగ్గురుంటారంటే కొందరు ‘ఫ్యామిలీకే ఇస్తాం’ అన్నారు. కొందరు వంటింట్లో ఏం వండుతారని అడిగారు. ఆధార్ కార్డులో పశ్చిమ బెంగాల్ అడ్రసు చూసి ఒకావిడ ‘మీరు బెంగాలీలా?’ అని అడిగారు. ఇక్కడ మనల్ని తెలుగువాళ్ళంటారు, అక్కడ బెంగాల్‌వాళ్ళంటారు. మన ఇల్లు మధ్యలో ఏ స్టేషన్‌లో ఉందో మరి!

ఒకాయన మాత్రం తిన్నగా ‘మీరేమిటోళ్ళు?’ అనేశారు. నాకు నోట మాట రాలేదు. మా నాన్న తడుముకోకుండా ‘రైల్వే వాళ్ళం’ అన్నారు. అడిగినాయనకు ఇంకేం అడగాలో తెలియలేదు. మేం నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాం. మెట్లు దిగుతూ మా అమ్మాయి తాత చెయ్యి పట్టుకుంది.

చివరికి చినవాల్తేరులో మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు దొరికింది. అద్దె పదిహేను వేలు, అడ్వాన్సు రెండు నెలలది ముప్ఫై వేలు. బ్రోకరుకి సగం నెల అద్దె. ఇంటాయన, ఇంటావిడ ఇద్దరూ పెద్దవాళ్ళు, మర్యాదస్తులు. మాటల్లో వాళ్ళది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరని తెలిసింది. ఇంకేం, కాఫీలు వచ్చాయి. మా తాతగారి ఊరు వాళ్ళకు తెలుసు. ఇల్లు కుదిరిపోయినట్టే.

అందరం హాల్లో కూర్చుని ఉంటే మా నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. గ్రిల్లు ఊసని బొటనవేలితో గట్టిగా రాశారు. పైన పెయింటు పొక్కులా లేచి, కింద ఎర్రటి పొడి రాలింది. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నారు: ‘ఈ ఊసల్ని ఉప్పు తినేస్తందమ్మా. పైకి రంగేసి ఉంచినారు. బాల్కనీది కూడా అంతే. కాగితం మీద రాయించుకో.’

నేనేమన్నానో చెప్పనా? ‘ఊరుకో నాన్నా. మనవైపు వాళ్ళు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్ళని పట్టుకుని మీ కిటికీ తుప్పు పట్టిందని రాసివ్వండి అంటే ఏం బాగుంటుంది?’

మొహమాటం! లోన్ ఫైల్లో ఒక్క సంతకం తక్కువైతే పక్కన పెట్టేసే మనిషిని. నా బదిలీల్లో బ్యాంకు నాకోసం లీజుకి తీసుకున్న ఇళ్ళ కాగితాలన్నీ ఫైల్లో పద్ధతిగా ఉండేవి. కన్నకూతురి ఇంటి దగ్గరకి వచ్చేసరికి, ఇంటాయన తెచ్చిన రెండు పేజీల అగ్రిమెంటు మొదటి పేజీలో పేర్లు, అద్దె చూసుకుని, రెండో పేజీలో సంతకం పెట్టేశాను. పదకొండు నెలల అగ్రిమెంటు. ఖాళీ చేయమంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అందులో లేదు. ఇల్లు ఏ స్థితిలో ఇచ్చారో లేదు. ‘ఇంటికి జరిగిన నష్టం అడ్వాన్సులోంచి మినహాయించబడును’ అన్న వాక్యం మాత్రం ఉంది.

మా నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం పిల్లలు సామాను సర్దుకుంటుంటే, ఆయన ఒక్కో గదిలోకి వెళ్ళి జేబు డైరీలో ఏదో రాసుకోవడం చూశాను. పెద్దాయనకు కాలక్షేపం అనుకున్నాను.

పిల్లలు ఎనిమిది నెలలు హాయిగా ఉన్నారు. ఒకరోజు ఇంటాయన ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి కుటుంబంతో తిరిగి వచ్చేస్తున్నాడని, పదిహేను రోజుల్లో ఇల్లు కావాలని. ఇంకో మూడు వారాల్లో పిల్లలకు సెమిస్టర్ పరీక్షలు! అప్పుడు తీశాను అగ్రిమెంటు. మా బ్యాంకు లాయరుగారిని అడిగాను. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోది, దాని 106వ సెక్షన్ ప్రకారం, నెలవారీ అద్దె ఇంటికి కాగితంలో వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల నోటీసు చాలట. ‘అసలు పదకొండు నెలల గడువు రాసుకున్నారు కదా, అది మధ్యలో తెంచడం కుదరదని మనం వాదించొచ్చు. కానీ పరీక్షలు పెట్టుకుని పిల్లలు వాదిస్తారా?’ అన్నారాయన. మా అమ్మాయే వెళ్ళి ఇంటావిడతో మాట్లాడింది. పరీక్షలయ్యేదాకా ఉండనిచ్చారు. అది వాళ్ళ మంచితనం. ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఖాళీ చేసేరోజు నేనూ, మా నాన్నా వెళ్ళాం. ఇంటాయన ఇల్లంతా తిరిగారు. కిటికీ గ్రిల్లు మీద చెయ్యి వేస్తే పెచ్చు ఊడి వచ్చింది. ఆయన మొహం మారిపోయింది. ‘ఇచ్చినప్పుడు బాగానే ఉన్నాయి కదమ్మా. హుద్‌హుద్ తుఫాను తరువాత కొత్తగా వేయించినవి. పిల్లలు తడిబట్టలు వీటిమీద ఆరేశారు, అందుకే ఇలా అయింది’ అన్నారు. గ్రిల్లు పనికి పన్నెండు వేలు, గోడల రంగుకి ఆరు వేలు తీసేసుకున్నారు. ముప్ఫై వేలల్లో పన్నెండు వేలు చేతిలో పెట్టారు.

మా అమ్మాయి ఊరుకోలేదు. అది చదువుతున్నదే ఆ విషయం. ‘అంకుల్, అల విరిగినప్పుడు నీళ్ళలో చిక్కిన గాలిబుడగలు పగిలి సన్నటి తుంపర లేస్తుంది. గాలి దాన్ని ఒడ్డుకి మోసుకొస్తుంది. నీరు ఆరిపోయినా ఉప్పు ఇనుము మీదే ఉండిపోతుంది. ఆ ఉప్పు గాలిలో తేమని లాక్కుని, ఇనుము ఆరకుండా చేస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఇనుము తుప్పు పట్టడానికి మా బట్టలు అక్కర్లేదు’ అంది. ఆయన విన్నారు. ‘నువ్వు చెప్పేది నిజమే కావచ్చమ్మా. కానీ మీరు వచ్చినప్పుడు బాగానే ఉన్నాయి కదా’ అన్నారు. మళ్ళీ అక్కడికే వచ్చింది.

అప్పుడు మా నాన్న జేబులోంచి డైరీ తీశారు. చేరినరోజు తేదీ. కింద వరసగా: ‘హాలు కిటికీ, ఊసలు తుప్పు, పైన రంగు. బాల్కనీ గ్రిల్లు, కింది పట్టీ తినేసింది. వంటిల్లు కుళాయి కారుతోంది. బాత్‌రూము అద్దం మూల పగులు.’ వర్క్‌షాప్ రిజిస్టరులో రాసినట్టు, ఒక్కో వరసకీ నంబరు వేసి.

ఇంటాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. డైరీ మూసి తిరిగి ఇచ్చేస్తూ, మెల్లగానే అన్నారు: ‘ఇది మీకు మీరు రాసుకున్నది కదండీ.’

నాకు ఒళ్ళు చచ్చిపోయింది. ఎందుకంటే బ్యాంకు మనిషిగా నాకు తెలుసు, ఆయన అన్నది న్యాయమే. కస్టమర్ తన డైరీ తెచ్చి ‘నేను పదివేలు కట్టానని ఇందులో రాసుకున్నాను’ అంటే నేను ఒప్పుకుంటానా? రెండో సంతకం లేని లెక్క లెక్క కాదు. ఆ రెండో సంతకం అడగనివ్వకుండా ఆపింది నేనే.

మా నాన్న డైరీ జేబులో పెట్టుకున్నారు. స్టేషనుకి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. జీవితమంతా ఒక్క మేకు బాకీ పడని మనిషి. ఎనభై ఏళ్ళ వయసులో, పరాయి ఇంటి హాల్లో నిలబడి, అబద్ధం ఆడేవాడిలా చూడబడ్డారు. పద్దెనిమిది వేలు పోతే పోయాయి, మూడు నెలల్లో మరిచిపోయేదాన్ని. ఈ మాట మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

ఆ ఇంటాయన మోసగాడని నేను అనుకోవడం లేదు. ఆయన ఆ గ్రిల్లుని ఏళ్ళ తరబడి దగ్గరగా చూసి ఉండరు. ఆయన మనసులో అది కొత్త గ్రిల్లే. చేరినరోజు ఇద్దరం కలిసి పది నిమిషాలు ఇల్లు తిరిగి ఉంటే, ఆయనా బొటనవేలితో రాసి చూసి ఉండేవారు. ఇద్దరికీ మర్యాద దక్కేది. మొహమాటం మర్యాదని కాపాడుతుందనుకుంటాం. అది దాన్ని వాయిదా వేస్తుందంతే. తరువాత వడ్డీతో కట్టాలి.

ఇక మీకు పనికొచ్చే సంగతులు చెబుతాను. ఆ తరువాత లాయరుగారి దగ్గర కూర్చుని తెలుసుకున్నవి, మేం పడి తెలుసుకున్నవి.

మొదట, ఇల్లు చూడకుండా ఒక్క రూపాయి పంపొద్దు. ఫోటోలు చూపించి, ‘నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను, టోకెన్ పంపితే తాళాలు పంపిస్తాను’ అనేవాళ్ళు ఉంటారు. మనింటి పిల్లలే తొందరపడి పంపేస్తారు. పొరపాటున పంపితే వెంటనే 1930కి ఫోన్ చేయమని చెప్పండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

రెండోది, పదకొండు నెలల సంగతి. అందరూ పదకొండు నెలలే ఎందుకు రాస్తారంటే, ఏడాది మించిన గడువుకి రాసుకున్న అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. పదకొండు నెలలైతే ఆ ఖర్చు ఉండదని అందరి లెక్క. కానీ పదకొండు నెలల కాగితం కదా అని చదవకుండా ఉండకూడదు. ఖాళీ చేయాలంటే ఇద్దరిలో ఎవరైనా ఎన్నాళ్ళ ముందు చెప్పాలో రాయించండి. పిల్లలకైతే, ‘పరీక్షలు జరుగుతుండగా ఖాళీ చేయమనరాదు’ అని ఒక్క వాక్యం అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మేం రెండోసారి అడిగితే ‘దానికేముందమ్మా’ అన్నారు.

మూడోది, అరుగుదల. అదే ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో, అద్దెకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి అంటూనే, సహజంగా వాడుకలో వచ్చే అరుగుదలకి, మనిషి ఆపలేని ప్రకృతి శక్తుల వల్ల వచ్చే మార్పులకి మినహాయింపు ఇచ్చారు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడితే అది మన పిల్లల తప్పు కాదు. అయితే ‘తీసుకున్నప్పటి స్థితి’ ఏమిటో చూపించగలిగితేనే ఈ మాట పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అయినా అందులో ఉన్న పట్టిక బేరానికి పనికొస్తుంది. గోడలకి సున్నం, తలుపులకి కిటికీలకి రంగు ఇంటివాళ్ళ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళ వంతు. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు. ఇలా ఎవరి వంతు ఏమిటో మన కాగితంలోనే రాసుకుంటే గొడవే ఉండదు.

నాలుగోది, సముద్రం దగ్గర ఇల్లు చూసే పద్ధతి. మనం ఖరగ్‌పూర్‌వాళ్ళం, చుట్టూ ఇనుమే. కానీ ఇక్కడి ఇనుముకి ఆ ఉప్పుగాలి తెలియదు. అక్కడ గ్రిల్లు మీద, తలుపు బందుల మీద, ఏ.సీ. బయటి పెట్టె మీద చెయ్యి వేసి చూడండి. పైకప్పు కింద, బాల్కనీ కింద సిమెంటు పెచ్చులు ఊడుతున్నాయేమో చూడండి. లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బితే అలా ఊడుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, మున్సిపాలిటీ నీళ్ళు ఎప్పుడు వస్తాయి అని పక్క ఫ్లాటువాళ్ళని అడగండి. బాల్కనీలోంచి సముద్రం కనపడటం పిల్లలకు ఆనందమే. నేను కాదనను. మా అమ్మాయి చదువుకునేది దాని గురించేనాయె. కానీ ఆ అందానికి అద్దెలో ఎంత కడుతున్నామో, తుప్పులో ఎంత కడతామో ముందే లెక్కేసుకోవాలి.

ఐదోది ఉద్యోగులకి. పిల్లల కోసం వేరే ఊళ్ళో కట్టే అద్దె రసీదులు తెచ్చి హెచ్.ఆర్.ఏ. మినహాయింపు అడిగేవాళ్ళని చూశాను. అది కుదరదు. ఉద్యోగి తాను ఉంటున్న ఇంటి అద్దెకే ఆ మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. తెలిసి తెలిసి తప్పు రసీదు పెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం జాబితా. రెండో ఏడు మా అమ్మాయి పెదవాల్తేరులో ఇంకో ఇల్లు చూసుకుంది. ఈసారి సముద్రం కనపడదు, గాలి మాత్రం వస్తుంది. నేను సెలవు దొరక్క వెళ్ళలేదు. తాతా మనవరాలూ వెళ్ళారు. మా నాన్న డైరీ పద్ధతిలోనే మా అమ్మాయి ఒక కాగితం తయారుచేసింది. గది పేరు, వస్తువు, ఎన్ని, ఎలా ఉంది, చివర రెండు సంతకాలు. రెండు కాపీలు. ప్రతి వరసకీ ఒక ఫోటో, అదేరోజు ఇంటివాళ్ళకి వాట్సాప్‌లో పంపి, ‘చూశాను’ అని వాళ్ళచేత జవాబు రాయించుకోవడం.

నాకు లోపల భయమే. ఆ ఇంటావిడ ఏమనుకుంటారో అని. ఫోన్ చేసి అడిగితే మా అమ్మాయి నవ్వుతోంది. ఆ ఇంటావిడ మొదట ‘ఇదంతా ఎందుకమ్మా’ అన్నారట. మా నాన్న ‘మీ ఇల్లు మీకు అప్పగించేరోజు మీముందు తలెత్తుకుని నిలబడాలి కదండీ, అందుకు’ అన్నారట. అంతే, ఆవిడే ముందు నడిచి చూపించారట. ‘ఇదిగో, ఈ గీజరు ఒక్కోసారి ట్రిప్ అవుతుంది, అది కూడా రాయండి’ అని తానే రాయించారట. తమ ఇంటి గురించి ఎవరో ఇంత శ్రద్ధ పెడితే ఏ ఇంటివాళ్ళకి కోపం వస్తుంది? మొహమాటపడి నేను తప్పించుకున్నది ఇంత సులువైన పని!

చదువు పూర్తయి ఆ ఇల్లు అప్పగించినప్పుడు, కాగితం పట్టుకుని ఇద్దరూ ఒక్కో గదీ తిరిగారు. వంటింటి కిటికీ అద్దం ఒకటి పిల్లలు పగలగొట్టారు. దానికి ఆరువందలు తీసుకుని మిగతా అడ్వాన్సంతా అదేరోజు పంపేశారు. ఇక్కడ మలంచలో మా నాన్న వీడియో కాల్‌లో చూస్తూ ఒక్కో వరసకీ పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నారు. అచ్చం ఐ.ఓ.డబ్ల్యూ. ఆఫీసు ఆయన పెట్టినట్టే.

మనలో ఎక్కువమందికి సొంత ఇల్లు ఆలస్యంగానే అమరుతుంది. రైల్వేలో ఉన్నవాళ్ళకి క్వార్టరు, బ్యాంకులో ఉన్నవాళ్ళకి మూడు నాలుగేళ్ళకో బదిలీ. మన పిల్లలూ కొన్నేళ్ళు పరాయి ఇళ్ళలోనే ఉంటారు. వాళ్ళకి అడ్వాన్సు డబ్బుతోపాటు ఈ కాగితం రాయించుకునే ధైర్యం కూడా ఇచ్చి పంపండి. కాగితం అడగడం అవతలివాళ్ళని అనుమానించడం కాదు. రేపు మనల్ని ఎవరూ అనుమానించకుండా చూసుకోవడం.

చివరగా ఒక్కమాట. ఇది మీ అందరికీ కాదు, ఆ ఫ్యాను కింద కూర్చున్నాయనకి. నాన్నా, ఆ రోజు చినవాల్తేరులో నువ్వు రాయించుకోమంటే నేను ఊరుకోమన్నాను. నీ డైరీ నిజమని ఆ హాల్లో గట్టిగా చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా ఈ మాట అనలేదు. మన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, నలుగురి ముందు అంటున్నాను. తప్పు నాది.

పిల్లలూ, లేవండి, టిఫిన్లు వచ్చాయి.